వాహనపు వెనుక కన్ను: దోష నిర్ణయము

కారును వెనుకకు నడిపేటప్పుడు చోదకునికి కనబడని స్థలం కొంత ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ప్రక్క అద్దాలు ఇరువైపులను, నడిమి అద్దం దూరాన్ని చూపగలవే గాని, బంపరుకు ఆనుకొని నిలిచిన పసిబిడ్డను ఏ అద్దమూ చూపలేదు. ఆ లోటును తీర్చడానికి వచ్చినదే వెనుక కెమెరా. 1956లోనే అమెరికాలోని బ్యూక్ సంస్థ 'సెంచూరియన్' అనే ప్రదర్శన వాహనంలో అద్దానికి బదులు టెలివిజన్ కెమెరాను అమర్చి చూపింది. ఆ దేశంలోనే 2002లో తండ్రి కారును వెనుకకు తీస్తుండగా రెండేళ్ళ కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ దాని క్రింద పడి మరణించాడు. ఆ బాలుని పేరిట 2008లో చట్టం వచ్చింది. 2018 మే నెల నుండి అక్కడ తయారయ్యే కొత్త కార్లన్నిటికీ ఈ కెమెరా తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జూలై నుండి కొత్త కార్లకు తప్పనిసరి చేసినది అడ్డంకి సమీపిస్తే మోగే సెన్సారును. కెమెరాను అనేకులు విడిగా కొని బిగించుకుంటారు. దోషాలు తరచుగా ఆ బిగింపులోనే దాగి ఉంటాయి.

కెమెరా చెడినదని తోచగానే కొత్తది కొనడం వృథా వ్యయమని మా అభిప్రాయం. ముందుగా దాని నడకను గ్రహించవలెను. రివర్సు గేరు వేయగానే గేరు పెట్టె మీది స్విచ్చి కలిసి వెనుక తెల్లదీపం వెలుగుతుంది. ఆ దీపపు తీగ నుండే కెమెరాకు సుమారు 12 వోల్టుల విద్యుత్తు అందుతుంది. అక్కడి నుండే మరొక సన్నని తీగ ముందున్న తెరకు పోయి 'ఇక వెనుక దృశ్యం చూపుము' అని సంకేతమిస్తుంది. దృశ్యం మాత్రం పసుపుపచ్చ పిన్ను గల వేరొక కేబులు గుండా వస్తుంది. ఈ మూడింటిలో ఏది తెగినదో తెర ముఖం చూసియే చాలవరకు చెప్పవచ్చును.

గేరు వేసినా తెర మారక పాటలే పాడుతూ ఉంటే సంకేతపు తీగను అనుమానించాలి. తెల్లదీపం కూడా వెలగకపోతే బల్బు, ఫ్యూజు, గేరు స్విచ్చి చూడవలెను. అప్పుడు కెమెరా నిర్దోషి. తెర మారి, నల్లగానో నీలంగానో నిలిచి, 'సిగ్నల్ లేదు' అంటే కెమెరాకు విద్యుత్తు అందలేదు, లేదా కేబులు తెగినది. బొమ్మ మసకగా ఉంటే తడిగుడ్డతో తుడిచి చూడండి. గాజు లోపల ఆవిరి పట్టి ఉంటే మాత్రం నీరు చొరబడినట్లే. అటువంటి కెమెరా ఎక్కువకాలం మన్నదు. తెరపై అక్షరాలు కుడి నుండి ఎడమకు కనిపించడాన్ని కొందరు దోషమనుకుంటారు. అద్దంలో వలె ఎడమ ఎడమగానే తోచడానికి చేసిన ఏర్పాటు అది. మా ఉర్దూ శాఖ మిత్రులకు ఈ చిక్కు ఉండదనుకుంటాము!

పరీక్షకు ఇద్దరు కావాలి. ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు లాగి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, తాళం మాత్రం తిప్పి రివర్సు గేరు వేయాలి. రెండవవారు ప్రక్కన నిలవాలే గాని కారు వెనుక నిలువరాదు. కెమెరా తీగల వద్ద మల్టీమీటరు పెడితే 12 వోల్టులకు దగ్గరగా చూపాలి. చూపకపోతే నల్లతీగను కారు శరీరంలో రంగు లేని చోట ఆనించి మళ్ళీ చూడండి. అప్పుడు చూపితే దోషం ఎర్తుదే. తుప్పుపట్టిన ఒక్క మర బొమ్మను వణికించగలదు.

విద్యుత్తు సరిగా ఉండి బొమ్మ రాకపోతే, అరువు తెచ్చిన కేబులును సీట్ల మీదుగా పరచి కెమెరాను నేరుగా తెరకు కలపండి. బొమ్మ వచ్చిందా, దోషం పాత కేబులుది. అది తెగే చోటు కూడా తరచు ఒక్కటే: డిక్కీ తలుపు కీలు వద్ద ఉన్న రబ్బరు గొట్టం. తలుపు తీసి వేసిన ప్రతిసారీ తీగలు అక్కడ వంగుతాయి. పైతొడుగు చెక్కుచెదరక ఉన్నా లోపలి రాగి విరిగి ఉండవచ్చు. తలుపును మెల్లగా కదుపుతూ ఉంటే బొమ్మ వచ్చి పోతున్నదా, ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

కెమెరాను మార్చక తప్పకపోతే, తెరకు సరిపడే పద్ధతిదే కొనాలి. పాత తెరలు ఏహెచ్‌డీ కెమెరాను అర్థం చేసుకోలేవు. కొత్త కెమెరా కూడా చెడినదని భ్రమ కలుగుతుంది. కర్మాగారంలోనే అమర్చి ఇచ్చిన కెమెరా అయితే తీగలు కోయక, గ్యారంటీ ఉన్నంతకాలం కంపెనీ వర్క్‌షాపుకే అప్పగించడం మేలు.

అతుకులను చేతితో మెలివేసి టేపు చుట్టడం వానాకాలం దాకానే నిలుస్తుంది. సోల్డరు పెట్టించి తొడుగు వేయించండి. పని ముగిసిన తరువాత బంపరుకు ఒక మీటరు దూరాన నేలపై సుద్దగీత గీచి, అది తెరపై ఏ రంగు గీత దగ్గర పడుతున్నదో ఇంటిలో కారు నడిపే ప్రతివారికీ చూపండి.