సిగార్ పెట్టెలో పుట్టిన వర్ణపటదర్శిని

ఇంటర్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకు జ్వాలా పరీక్ష గుర్తుండే ఉంటుంది. ప్లాటినం తీగను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, లవణం అద్ది మంటలో పెడితే కాల్షియం ఇటుక ఎరుపునూ, బేరియం ఆకుపచ్చనూ చూపిస్తాయి. సోడియమైతే పసుపు. వేడికి సోడియం పరమాణువులో ఎలక్ట్రాన్ పై శక్తిస్థాయికి ఎక్కుతుంది. తిరిగి దిగేటప్పుడు ఆ తేడాను కాంతిగా వదిలేస్తుంది.

చిక్కల్లా మన కంటితోనే. లిథియం, స్ట్రాన్షియం రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. పిసరంత సోడియం కలిసినా పొటాషియం లేత ఊదా ఆ పసుపులో మునిగిపోతుంది. అందుకే నీలి కోబాల్ట్ గాజు అడ్డుపెడతాం.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్ కూడా రంగు గాజులు, రంగు ద్రావణాలు అడ్డుపెట్టే చూసేవారు. దాదాపు రంగులేని మంటనిచ్చే ఆయన బర్నర్ అప్పటికే సిద్ధంగా ఉంది. 1859లో భౌతికశాస్త్రవేత్త గుస్తావ్ కిర్కాఫ్, పట్టకం గుండా చూద్దామన్నారు. లోపల నలుపు చేసిన సిగార్ పెట్టె, కార్బన్ డైసల్ఫైడ్ నింపిన బోలు పట్టకం, రెండు దూరదర్శిని గొట్టాలు: యంత్రమంతా ఇంతే! కంటికి ఒకే ఎరుపుగా కనిపించినది అందులో విడివిడి గీతలైంది. ఏ మూలకం గీత దాని చోటే నిలిచింది.

గదిలో ఓ మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ను పాలచక్కెరతో కలిపి పేల్చారు. కొద్ది నిమిషాలకే, దూరంగా ఉన్న మంటలో సోడియం గీత వెలిగింది. మిల్లీగ్రాములో 30 లక్షలవ వంతు సోడియం లవణమైనా దొరికిపోతుందని లెక్కతేల్చారు. రసాయన తూకానికి అందని సూక్ష్మత అది.

1860లో డుర్క్‌హైమ్ అనే ఊరి ఊటనీటిలో, తెలిసిన ఏ మూలకానికీ చెందని నీలి గీతలు కనిపించాయి. అది సీజియం. 40 టన్నులకు పైగా నీటిని మరిగించి, బున్సెన్ రాబట్టిన సీజియం లవణం కొద్ది గ్రాములే. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. మరుసటి ఏడాది ఎర్రగీతల రుబీడియం బయటపడింది.

ఇలాంటి వర్ణపటదర్శిని మన గుంటూరుకూ వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల గీతలను అక్కడే చూశారు. అవెంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా కనిపిస్తాయని గ్రహించి మర్నాడే చూసేశారు. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్, ఆ జ్వాలల గీతల్లోని పసుపు గీత సోడియంది కాదని తేల్చారు. ఆ గీతతో సూర్యుడిలో అలా పట్టుబడిన హీలియం అనే మూలకాన్ని, 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి వెలికితీశారు.