తెగిపోయే వై-ఫై: తప్పు తరంగాలదా, కరెంటుదా?

తమిళనాడులోని తేని ప్రాంతపు గ్రామాల్లో కంటి జబ్బుతో బాధపడే పేద రోగి ఒకప్పుడు ఒక రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీలు భరించి పట్టణానికి వెళితే తప్ప డాక్టరును చూడగలిగే అవకాశం ఉండేది కాదు. మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ ఇబ్బందిని తొలగించేందుకు గ్రామాల్లో చిన్న దృష్టి కేంద్రాలను నెలకొల్పింది. ఈ కేంద్రాలను తేని ఆసుపత్రితో వైర్‌లెస్ మార్గంలో కలిపారు. రోగి తన ఊరికి సమీపంలోని కేంద్రంలో కూర్చుంటే డాక్టరు తేని నుంచే వీడియో ద్వారా మాట్లాడి సలహా ఇచ్చే ఏర్పాటు అది. మాట మధ్యలో సంబంధం తెగితే రోగి వచ్చిన పని అక్కడితో ఆగినట్లే.

ఈ వ్యవస్థ రూపకల్పనలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన పరిశోధకులు పాలుపంచుకున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలలో ‘ఎయిర్‌జల్దీ’ పేరుతో కొండల మధ్య ఏర్పడిన మరో వైర్‌లెస్ వ్యవస్థతోనూ వారు కలిసి పనిచేశారు. ఈ రెండు చోట్లా ఎదురైన వైఫల్యాలను వివరిస్తూ 2008లో వారు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఇంటింటా వై-ఫై వచ్చిన ఈ రోజుల్లో ఆ అనుభవం సామాన్య వినియోగదారునికి కూడా ఉపకరించేదిగా ఉంది.

దూరం తెచ్చిన చిక్కు

వై-ఫై ప్రమాణాన్ని 1997లో తొలిసారి ప్రకటించినపుడు ఇళ్లు, కార్యాలయాలలో తక్కువ దూరాలను దృష్టిలో పెట్టుకున్నారు. ఇందులో పంపిన ప్రతి సమాచార ఖండానికీ అవతలి యంత్రం నుంచి ముట్టినట్లు జవాబు రావాలి. రిజిస్టర్డ్ పోస్టులో అందినట్లు సంతకం చేసి తిప్పి పంపే కార్డు వంటిది ఇది. నిర్ణీత వ్యవధిలో జవాబు రాకపోతే సమాచారం అందలేదని భావించి యంత్రం దానినే మళ్లీ పంపుతుంది.

రేడియో తరంగం 15 కిలోమీటర్లు ప్రయాణించడానికి దాదాపు 50 మైక్రోసెకన్లు, జవాబు తిరిగి రావడానికి మరో 50 మైక్రోసెకన్లు పడుతుంది. మనిషికి ఇది లెక్కలోకి రాని కాలమే అయినా తక్కువ దూరాలకు ఉద్దేశించిన వై-ఫై పరికరం అంతవరకు ఆగదు. ఫలితంగా అందిన సమాచారాన్నే అనవసరంగా మళ్లీ మళ్లీ పంపి మార్గాన్ని తానే మూసివేస్తుంది. రెండు కొసలూ వంతులవారీగా మాట్లాడేలా పద్ధతి మార్చి ఈ చిక్కును పరిష్కరించారు.

అసలు శత్రువు కరెంటు

తరంగాల సమస్య తీరిన తరువాత కూడా సంబంధాలు తెగుతూనే వచ్చాయి. కారణాలు వెతకగా పరికరాల వైఫల్యాల్లో అధిక భాగానికి నాణ్యత లేని విద్యుత్తే మూలమని తేలింది. క్షణకాలం పాటు 1,000 వోల్టులకు మించి ఎగసిన విద్యుత్తును కూడా అక్కడ గమనించారు. ఇటువంటి పోట్లకు పరికరాలు కాలిపోవడం ఒక ఎత్తు కాగా, వోల్టేజి పడిపోయినపుడు రౌటరు ఆగకుండా, పనిచేయకుండా మధ్యలో స్తంభించిపోవడం మరో ఎత్తు. దీపాలు వెలుగుతుంటాయి, సంబంధం మాత్రం ఉండదు.

వోల్టేజి ఒక స్థాయికి దిగితే రౌటరును పూర్తిగా ఆపివేసి, బాగుపడిన తరువాతే మళ్లీ వెలిగించే సాధనాలను అమర్చడం ద్వారా ఈ సమస్యను అదుపులోకి తెచ్చారు. స్తంభించిన యంత్రం దానంతటదే తిరిగి ప్రారంభమయ్యే ఏర్పాటూ చేశారు. లోపం ఎక్కడ ఉన్నదో గుర్తించేలా స్థానిక సిబ్బందికి శిక్షణ ఇవ్వడం అన్నిటికన్నా ముఖ్యమని గ్రహించారు. ధర్మశాలలో ఈ చిక్కులకు కోతుల బెడద తోడయింది. అవి యాంటెన్నాలకు వేలాడడం, తీగలను కొరకడం అక్కడ నిత్యకృత్యం.

ఇంటిలో ఏం చేయాలి?

ఇంటిలో వై-ఫై తరచు తెగిపోతున్నపుడు ముందుగా తేల్చుకోవలసింది తెగుతున్నది ఏ భాగమన్నదే. ఒక ఫోను లేదా ఒక కంప్యూటరులో మాత్రమే తెగుతుంటే లోపం ఆ పరికరానిది. ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఆదా కోసం వై-ఫై భాగాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చే ఏర్పాటు ఉంటుంది. దానిని తొలగిస్తే పలు సందర్భాల్లో సమస్య తీరుతుంది.

అన్ని పరికరాల్లోనూ ఒకేసారి తెగుతుంటే ఒక కంప్యూటరును తీగ ద్వారా రౌటరుకు కలిపి చూడాలి. తీగ మీద కూడా ఇంటర్నెట్ ఆగిపోతే వై-ఫైని నిందించి ప్రయోజనం లేదు. ఫైబర్ పెట్టె మీద ‘ఎల్.ఒ.ఎస్.’ అన్న చోట ఎర్రదీపం వెలిగితే బయటి నుంచి కాంతి సంకేతం అందడం లేదని అర్థం. అది కంపెనీ వారు వచ్చి సరిచేయవలసిన లోపం.

రౌటరు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలుగుతుంటే కరెంటును అనుమానించాలి. పాతబడిన అడాప్టరు, వదులైన ప్లగ్గు, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు వచ్చే క్షణకాలపు విరామం రౌటరును తిరిగి ప్రారంభమయ్యేలా చేస్తాయి. అది మళ్లీ నిలదొక్కుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అదే వోల్టేజి, తగిన సామర్థ్యం గల కొత్త అడాప్టరు, రౌటరుకు సరిపడే చిన్న యూపీఎస్ ఉంటే ఈ బాధ తప్పుతుంది.

తీగ మీద ఇంటర్నెట్ సక్రమంగా ఉండి, గాలిలో మాత్రమే తెగుతున్నపుడే తరంగాల వంతు వస్తుంది. మన దేశంలో 2005 జనవరిలో లైసెన్సు అవసరం లేదని ప్రకటించిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. అందులోని ఛానళ్లలో ఒకదానిపై ఒకటి పడకుండా ఇముడగలిగేవి మూడే. సాధారణంగా 1, 6, 11 సంఖ్యలు గలవాటిని ఎంచుకుంటారు. అపార్టుమెంటులో ఇరవై రౌటర్లుంటే అవన్నీ ఈ మూడింటినే పంచుకోవాలి. బ్లూటూత్ పరికరాలు ఇదే బ్యాండులో పనిచేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2,450 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనే తరంగాలను వెలువరిస్తుంది.

ఇందుకు విరుగుడుగా 5 గిగాహెర్ట్జ్ బ్యాండు ఉంది. ఇందులో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు నుంచి మినహాయిస్తూ 2018 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ జారీ చేసింది. రద్దీ తక్కువ కావడం దీని బలం కాగా, గోడలను అంత సులువుగా దాటలేకపోవడం బలహీనత. కాబట్టి రౌటరు ఉన్న గదిలోను, పక్క గదిలోను 5 గిగాహెర్ట్జ్, దూరపు గదులకు 2.4 గిగాహెర్ట్జ్ వాడుకోవడం మంచిది. రౌటరును ఇనుప బీరువా వెనుక, నీళ్ల డ్రమ్ము పక్కన, టీవీ కింది అరలో దాచకుండా ఇంటి మధ్యభాగంలో, ఎత్తుగా, గాలి తగిలేచోట ఉంచాలి.

కాగితం, కలం కూడా సాధనాలే

ఒకేసారి అన్నీ మార్చివేస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక రోజుకు ఒక్క మార్పే చేయాలి. నాలుగైదు రోజుల పాటు సంబంధం తెగిన సమయం, అప్పటి రౌటరు దీపాల స్థితి, కరెంటు పోయిందా లేదా అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి. ప్రతిరోజూ వంట వేళకే తెగుతుంటే ఓవెన్ వైపు, కరెంటు పోయిన ప్రతిసారీ తెగుతుంటే అడాప్టరు వైపు, వాన పడిన ప్రతిసారీ తెగుతుంటే వీధిలోని కేబుల్ వైపు ఆ కాగితమే వేలెత్తి చూపుతుంది.

కంపెనీకి ఫిర్యాదు చేసినపుడు కూడా ఈ వివరాలు పనికివస్తాయి. ట్రాయ్ 2012లో రూపొందించిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఒక సంఖ్య ఇవ్వాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగాన్ని ఆశ్రయించవచ్చు. ‘మీ రౌటరులోనే లోపం’ అని సిబ్బంది తోసిపుచ్చినపుడు, తీగ మీద కూడా ఫలానా రోజు ఫలానా సమయంలో ఆగిందని తేదీలతో చూపగలిగిన వినియోగదారుని మాటకు బలం ఉంటుంది.

తేనిలో గాని, ధర్మశాలలో గాని వ్యవస్థలు నిలబడింది ఖరీదైన పరికరాల వల్ల కాదు. లోపం ఎక్కడున్నదో చూసి చెప్పగల మనిషి అక్కడే అందుబాటులో ఉండడం వల్ల నిలబడ్డాయి. ఆన్‌లైన్ పరీక్ష రాసే విద్యార్థి, ఇంటి నుంచి ఉద్యోగం చేసే గృహిణి ఉన్న ఇంటిలో ఆ ఒక్క మనిషి ఎవరో ముందే నిర్ణయించుకోవడం అవసరం.