ఆరు నెలల ఇల్లా? ఆరేళ్ల ఇల్లా?

సైట్లో టీ బ్రేక్ వస్తే చాలు, మన తెలుగువాళ్ల నోట ఒకటే మాట: ‘పాత ఇల్లు కొందాం, బాగుచేసి ఆరు నెలల్లో అమ్మేద్దాం.’ మెల్‌బోర్న్‌లో మేము నలుగురం అదే లెక్క వేశాం. పెయింటింగు, టైల్సు మన చేతిపనే కదా! మాలో ఒకరైతే ఊళ్లో ఎకరం బేరానికి పెట్టేశారు.

కాగితం మీద కూడితే గుండె జారింది. విక్టోరియాలో 6 లక్షల డాలర్ల ఇంటికి స్టాంప్ డ్యూటీయే 31,070. తాత్కాలిక వీసా అయితే అదనంగా 8 శాతం, అంటే ఇంకో 48,000. పైగా 2025 ఏప్రిల్ 1 నుంచి వాళ్లు పాత ఇల్లు కొనకుండా ప్రభుత్వం ఆపింది. ఏడాదిలోపు అమ్మితే లాభమంతా జీతంతో కలిపి పన్ను. మేం చూసిన ఇంటి బాత్రూం గోడలేమో ఆస్‌బెస్టాస్! దాన్ని లైసెన్సున్నవాళ్లతో తీయించడమే క్షేమం. చేతిపని అక్కడే ఆగింది.

మరి శివారు? టార్నీట్‌కు 2015 జూన్‌లో రైలొచ్చింది. పీఆర్ ఉండి, మొదటి ఇల్లు కొని అందులోనే కాపురముంటే 6 లక్షల దాకా డ్యూటీ మాఫీ. అయితే పక్కనే కొత్త ప్లాట్లు వస్తూనే ఉంటాయి, రేటు ఊరికే ఎగరదు. ఓపిక పట్టాలి. పడమటి మట్టి కూడా మన రేగడి లాంటిదే, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పునాది చూడకుండా వంటగది చూసి మురిస్తే గోడలు పగుళ్లిస్తాయి.

ఆ ఎకరం బేరం ఆపించాం. ఆదివారాలు టార్నీట్ వైపు తిరుగుతున్నాం, ముందు సాయిల్ రిపోర్టే అడుగుతున్నాం.