సీసాపై చీటీ – సీసాలో బీరు

అమెరికాలో 1906 జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఆహార, ఔషధ చట్టం 1907 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. వ్యవసాయశాఖ రసాయన విభాగాధిపతి హార్వే వైలీ చిరకాల కృషికి అది ఫలితం. కల్తీతోపాటు అసత్యపు చీటీని సైతం ఆ చట్టం నేరంగా పరిగణించింది.

బీరునే తీసుకుందాం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే మాల్టు. దానికి బియ్యం, మొక్కజొన్న చేర్చడం అమెరికా తయారీదారులకు పరిపాటి. చేర్చడం నేరం కాదు. చేర్చి, 'కేవలం మాల్టుతో చేసినది' అని ముద్రించడం నేరం. స్వదేశీ బీరును జర్మనీ సరుకుగా చూపినా అంతే.

నాలుక గుర్తించలేని ఈ భేదాన్ని రసాయనశాస్త్రం పసిగట్టగలదు. బార్లీ మాల్టు నుండి బీరులోకి మాంసకృత్తులు, భాస్వర లవణాలు అధికంగా చేరుతాయి. బియ్యం, మొక్కజొన్నల నుండి చేరేవి స్వల్పం. కనుక వాటి పరిమాణాన్ని కొలిస్తే చీటీలోని అబద్ధం బయటపడుతుంది.

రాష్ట్రాల సరిహద్దు దాటించిన సరుకుపై మొదటి నేరానికి అప్పట్లో జరిమానా 200 డాలర్లకు మించేది కాదు. పెద్ద వ్యాపారికి అది లెక్కలోనిది కాదు. అయితే న్యాయస్థానపు తీర్పును ప్రభుత్వం ప్రకటించేది. ధనం పోతే తిరిగి సంపాదించవచ్చు. పోయిన నమ్మకాన్ని సంపాదించడం కష్టం. ఏమి కొంటున్నామో తెలుసుకునే హక్కుకు ఆ చట్టం గట్టి పునాది వేసింది.