బాల్యమున చూచిన బొమ్మల కథ

పిల్లల బొమ్మల కథను గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని నేడు నేను చెప్పబోవునది గనుల కథ. గరివిడి ప్రాంతమువారికి గనులను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. మన దేశమున మాంగనీసు త్రవ్వుట మొదలైనది ఈ విజయనగర ప్రాంతముననే. అది 1892వ సంవత్సరపు మాట. భూగర్భ శాస్త్రజ్ఞుడగు ఫెర్మారు దొర ఇచ్చటి యొక శిలకు కోడూరు గ్రామము పేరుమీదుగా ‘కోడూరైటు’ అని పేరిడెను. ఉక్కునకు గట్టిదనము నిచ్చుటకును, కరగించునపుడు దానిలోని గంధకపు దోషమును హరించుటకును మాంగనీసు కావలయును. ఆ నల్లరాతితోనే మా యింట పొయ్యి వెలిగెడిది. మా తాతగారు గనికూలి.

1980వ దశకము చివర, అమెరికాలో నుండు మా పినతండ్రి సెలవులకు వచ్చుచు నొక వీడియో క్యాసెట్టు తెచ్చెను. అందలి కథ పేరు ‘బ్రేవ్‌స్టార్’. ఫిల్మేషన్ అను సంస్థ దానిని నిర్మించెను. 1987, 1988 సంవత్సరములలో 65 భాగములుగా అమెరికా టెలివిజనున ప్రసారమయ్యెను.

అమెరికా పడమటి ఎడారులలో గుఱ్ఱములెక్కి తిరుగు వీరులను, దొంగలను గూర్చిన కథలు ఆ దేశమున మెండు. 1971లో మన తెలుగున వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ చిత్రమును చూచినవారికి ఆ టోపీలును, తుపాకులును జ్ఞప్తియందుండును. బ్రేవ్‌స్టార్ కథకులు ఆ యెడారిని భూమినుండి పెకలించి ఆకాశమున నిలిపిరి. మూడు సూర్యులు వెలుగు ‘న్యూ టెక్సాస్’ అను గ్రహము. ఆ నేలలో ‘కెరియం’ అను విలువగల ఖనిజము. దానికై పరుగులెత్తి వచ్చిన జనము. వారి వెనుకనే దొంగలు. టెక్స్ హెక్స్ అనువాడు ఆ దొంగల నాయకుడు.

ఊరి కావలికి వచ్చిన అధికారి బ్రేవ్‌స్టార్. అతనికి డేగ చూపు, తోడేలు చెవి, ఎలుగుబంటి బలము, ప్యూమా వేగము కలవు. అతని గుఱ్ఱము సగము యంత్రము. నాలుగు కాళ్ల పరుగిడును. వలసినచో రెండు కాళ్లపై నిలిచి మానవునివలె మాటలాడుచు పోరాడును. తన తుపాకికి సారా జేన్ అని ఆడుపేరు పెట్టుకొనెను! ఆ గుఱ్ఱమును చూచి మేము కేరింతలు కొట్టెడివారము.

ఈ కథలో విశేషమేమనగా, నాయకుడు అమెరికా ఆదిమవాసుల వంశమువాడు. పాత గుఱ్ఱపుకథలలో ఆదిమవాసులు తఱచుగా శత్రువులు. గుడిసెలు తగులబెట్టువారు, తుదకు ఓడిపోవువారు. ఇచ్చట ధర్మమును కాపాడువాడే ఆ వంశమువాడు. అతనికి గురువు ఒక వృద్ధ ఆదిమవాసి. అంతేగాక ఆ గ్రహమున ముందునుండి నివసించు పొట్టి జనము భూమిలో బొరియలు త్రవ్వుకొని బ్రతుకుచుందురు. వారిలో నొకడు బ్రేవ్‌స్టార్‌కు సహాయాధికారి.

మా తాతగారికి ఇంగ్లీషు రాదు. అయినను మా ప్రక్కన కూర్చుండి చూచెడివారు. ఒకనాడు గనుల దృశ్యము రాగా, “ఆ నేల ముందర ఎవులిదిరా, బావూ?” అని యడిగిరి. ఆ పొట్టివారిదని చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. జీవితమంతయు నేల త్రవ్విన మనిషి ఆయన. ఆ ప్రశ్న నాకు పెద్దవాడనైన పిదపగాని అర్థము కాలేదు.

మఱియొక భాగమును మఱవలేను. ఒక బాలుడు మత్తుమందునకు అలవాటుపడును. పిల్లల కథ గనుక చివరకు బ్రతుకునని మే మనుకొంటిమి. బ్రేవ్‌స్టార్ శక్తులేవియు పనికిరాలేదు, బాలుడు మరణించెను. పిల్లల బొమ్మల కథలో ఇట్టి సాహసము మిక్కిలి అరుదు. గంజాయి పల్లెలకును ప్రాకుచున్న ఈ దినములలో ఆ భాగము నాకు తఱచుగా గుర్తువచ్చును.

ఇంత మంచి కథ ఏల మఱుగుపడినది? ఆ కాలమున బొమ్మల కథలకును, అంగడిలోని ఆటబొమ్మలకును పొత్తు. మాట్టెల్ సంస్థ చేసిన బ్రేవ్‌స్టార్ బొమ్మలు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1988లో ఒక పూర్తి చిత్రము వెలువడినను ఆదరణ కలుగలేదు. 1989 ఫిబ్రవరిలో ఫిల్మేషన్ సంస్థయే మూతబడెను. అదే సంస్థ తీసిన ‘హీ-మాన్’ను లోకము తలచుచున్నది, దీనిని తలచువారు కొలదిమంది. కథ మంచిదగుట ఒకటి, అంగడిలో నిలుచుట మఱియొకటి.

పెద్దలారా! మీ మనుమలు నేడు చరవాణిలో ఏవేవో బొమ్మలు చూచుచుందురు. వానిని పిచ్చిబొమ్మలని కసరుటకు ముందు ఒక్కగడియ వారి ప్రక్కన కూర్చుండుడు. భాష తెలియకున్నను ఫరవాలేదు. మా తాతగారివలె ఒక్క ప్రశ్న యడుగుడు. కథ వారు మఱచినను, మీ ప్రశ్న వారి వెంట నుండును.