డీజెలు ఇంజనుకు నీరు చాలునా?



నాగలి దున్నిన పొలములోనికి ట్రాక్టరు వచ్చినది. ఎద్దును పోషించు విద్య మనకు తాతలనాటిది. ఎండలో పనిచేసిన యెద్దునకు ఎప్పుడు నీరు పెట్టవలయునో, ఎట్టి నీరు పెట్టరాదో పసులకాపరి సైతము ఎఱుగును. ఇంజనులో పోయు నీటి విషయమున మాత్రము ఆపాటి విచారణ కానరాదు. బోరునీరో, కాలువనీరో బిందెతో తెచ్చి పోయుదురు. ఈ యలవాటు ఎంత నష్టమునకు దారితీయునో నేఁడు మనవి చేసెదను.

రుడాల్ఫ్ డీజెలు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున తన యింజనును జయప్రదముగా నడిపి చూపెను. నాఁటినుండి అందెన్ని మార్పులు వచ్చినను ఒక సంగతి మాఱలేదు. కాల్చిన చమురులోని వేఁడిమి యంతయు పనిగా మాఱదు. కొంత పొగతో పోవును. కొంత ఇంజను గోడలకు ఎక్కును. సిలిండరుల చుట్టు తిరుగు ద్రవము ఆ వేఁడిమిని గ్రహించి, రేడియేటరునకు చేర్చి, గాలికి విడుచును. ఈ ద్రవమునకే కూలెంటు అని పేరు. పొలములోని ట్రాక్టరునకు, బాటమీది లారీకి, వంటయిల్లు పడకగదులతో అమెరికావారు దేశము తిరుగు ఇంటిబండికి ఇదే ధర్మము.

“నీరు గడ్డకట్టు చలిదేశములవారికి గదా కూలెంటు, మనకేల?” అని పెద్దలు కొంద ఱడుగుదురు. ప్రశ్న సహేతుకమే. ఇందు కలిసియుండు ఇథిలీన్ గ్లైకాలు అను పదార్థము నీటిని గడ్డకట్టనీయదు. సగము గ్లైకాలు, సగము నీరు కలిపినచో సున్నకు 37 డిగ్రీల దిగువవఱకు చలికి నిలుచును. ఆ గుణముతో మనకు పనిలేదు. కాని ఆ మిశ్రమమే 100 డిగ్రీలకు బదులు సుమారు 107 డిగ్రీలకు గాని మరగదు. రేడియేటరు మూత లోపలి యొత్తిడిని నిలుపుటచే ఆ హద్దు ఇంకను పైకి పోవును. రోహిణీకార్తె యెండలో దుక్కి దున్నునపుడు ఈ యంతరమే బండిని కాచును.

అంతకంటె ముఖ్యమైనది తుప్పు. మన బోరులలో పెక్కింటి నీటియందు సున్నము, ఉప్పు మెండు. నీరు కాచిన బిందె యడుగున తెల్లని గార పట్టుట మీ రెఱుగుదురు. ఆ గారయే యింజను లోపల పట్టి వేఁడిని బయటికి పోనీయదు. ఉప్పు ఇనుమును తినివేయును. కూలెంటులో తుప్పును వారించు మందులు కలిసియుండును. వట్టి నీటిలో, వాననీటిలో సైతము, అవి లేవు.

పెద్ద డీజెలు ఇంజనులకు మఱియొక యాపద గలదు. పిస్టను ఆడు ఇనుపగొట్టమును లైనరు అందురు. పిస్టను పోటునకు అది మ్రోగిన గంటవలె అదరును. ఆ యదురున వెలుపలి నీటిలో సన్నని ఆవిరి బుడగలు పుట్టి పగులుచుండును. పగిలినప్పుడెల్ల సూదితో పొడిచినట్లు ఇనుము రవంత రాలును. ఒక మరమ్మతుశాలలో విప్పిన లైనరును నేను చూచితిని. లోపల అద్దమువలె నున్నది. వెలుపల మశూచి మచ్చలు. ఒక మచ్చ ఆవలికి తూటుపడినది. నీరు ఇంజను నూనెలో కలిసినది. వరికోతల నడుమ బండి నిలిచినది. కూలెంటు డబ్బాకు వెచ్చింపని సొమ్మునకు అనేక రెట్లు ఆ రైతు మరమ్మతుకై అప్పు చేసెను. డీజెలు ఇంజనులకై చేసిన కూలెంటులోని మందులు లైనరుపై పలుచని పొర గట్టి ఈ హానిని వారించును.

కొనునపుడు రంగు చూచి కొనకుఁడు. ఆకుపచ్చ, ఎఱుపు, నీలము చేయువారి యిష్టము. రంగునుబట్టి గుణము నిర్ణయింపరాదు. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన రకమే డబ్బామీద వ్రాసియున్నదా యని చదివి చూడుఁడు. రెండు రకములు కలుపరాదు. కలిపినచో మందుల బలము చెడును, ఒక్కొక్కప్పుడు జిగురు గట్టి దారులు మూసికొనును. నీరు కలిపియే అమ్మునది యొకటి, మనము కలుపుకొనవలసిన చిక్కనిది మఱియొకటి. చిక్కనిదానికి పుస్తకము చెప్పిన పాలున, సామాన్యముగా సమభాగముగా, బ్యాటరీలలో పోయు స్వేదనజలము కలుపవలయును. నీరు కలుపక పోసిన మేలు హెచ్చునని తలపకుఁడు. గ్లైకాలు నీటియంతగా వేఁడిని మోయజాలదు.

ఇఁక పోషణ. ప్రతి యుదయము ఇంజను చల్లగా నున్నపుడు మట్టము చూడవలయును. కాగియున్నపుడు మూత తీయరాదు. మరగు ద్రవము చిమ్మి ముఖము కాల్చును. కాగిన యింజనులో చన్నీళ్లు పోసినచో పైనుండు హెడ్డు పగులవచ్చును. మట్టము తరచు తగ్గుచున్నచో పోసి యూరకుండక కారణము వెదకవలయును. రేడియేటరు రెక్కలలోని పొట్టు, ధూళి దులుపుచుండవలయును. మందుల బలము కాలక్రమమున తఱుగును. సామాన్యరకమును 2 ఏండ్లకు, దీర్ఘకాలరకమును 5 ఏండ్లకో అంతకు మించియో మార్చుట వాడుక. ఇందును బండి పుస్తకమే ప్రమాణము.

తీసిన ద్రవము తియ్యని విషము. కుక్కయో, దూడయో, పసిబిడ్డయో త్రాగినచో ప్రాణము పోవచ్చును. దానిని కాలువలో, చెఱువులో పారబోయకుఁడు. మూతగల డబ్బాలో పట్టి, పాత నూనెతో కలుపక, వాడిన ద్రవములను తీసికొను మరమ్మతుశాలకు అప్పగింపుఁడు.

ట్రాక్టరు తోలువాఁడు కుఱ్ఱవాఁడు కావచ్చును. అప్పుపత్రముమీద వ్రాలు చేయువారు మీరు. దుక్కులు ఆరంభము గాకమునుపే పుస్తకము తెప్పించి, మీ బండిలో నున్నది ఏ ద్రవమో, ఎన్నఁడు పోసినదో అడిగి తెలిసికొనుఁడు.