పరదేశమున పుట్టిన బ్రెజిలు బిడ్డలు

పుట్టిన నేలనుబట్టి పౌరసత్వ మొసగు దేశములలో బ్రెజిలు ఒకటి. పరప్రభుత్వపు కొలువుమీద వచ్చిన ఉద్యోగి సంతానము కాకున్నచో, ఆ గడ్డపై జన్మించిన శిశువు, తల్లిదండ్రు లేదేశస్థులైనను, బ్రెజిలు పౌరుడే యగును. అన్యులు వలస వచ్చుచున్నంతకాలము ఈ సూత్రమే చాలియుండెను. స్వజనులే వలస పోవ నారంభించినప్పుడు చాలదయ్యెను.

పూర్వము కాఫీతోటలలో పనికై జపాను నుండి వచ్చినవారి సంతతి, 1990లో ఆ దేశము తన వలసచట్టమును మార్చినంతనే, తాతల నాటి దేశమునందలి కర్మాగారములకు తరలసాగెను. మరికొందరు స్విట్జర్లాండు మున్నగు ఐరోపా దేశములు చేరిరి. జపానుగాని, స్విట్జర్లాండుగాని, తమ నేలపై పుట్టిన మాత్రమున ఎవ్వరిని తమవారిగా నెంచవు.

1988 నాటి రాజ్యాంగములోని 12వ అధికరణము, తల్లిగాని తండ్రిగాని బ్రెజిలు పౌరులైనచో, విదేశమున పుట్టిన బిడ్డను కాన్సులేటులో నమోదు చేయించుట చాలునని చెప్పియుండెను. 1994 జూన్ 7 నాటి సవరణ ఆ మార్గమును మూసివేసి, బిడ్డ బ్రెజిలునకు వచ్చి నివసించి పౌరసత్వమును స్వయముగా కోరుకొనవలెనని విధించెను. ఆ కోరికను విన్నవించుకొనవలసినది ఫెడరల్ న్యాయస్థానమునకు. జపానులోని హమామత్సులో యంత్రములకడ పనిచేయు దంపతులకు అచ్చటనే పుట్టిన శిశువు, జపాను కాదన్నది, బ్రెజిలు ఇంకను ఔననలేదు అన్నట్లు, రెండింటి నడుమ నిలిచిపోయెను. ప్రభుత్వపు కొలువులో పరదేశమున నున్నవారి బిడ్డల కీ చిక్కు లేదు. వారి హక్కు పుట్టుకతోనే సిద్ధించును. రాయబారి శిశువునకు లేని కష్టమును శ్రామికుని శిశువునకు కల్పించిన ఆ సవరణను కేవలము పరాకు అని సరిపెట్టుకొనుటకు నా మనసొప్పదు.

స్విట్జర్లాండునందలి ప్రవాసులు, రాజ్యము లేని చిన్నారి బ్రెజిలీయుల పేరిట లేవదీసిన ఉద్యమము అనేక దేశములకు వ్యాపించెను. తుదకు 2007 సెప్టెంబరు 20న 54వ సవరణ వెలువడి, కాన్సులేటు నమోదును పునరుద్ధరించెను. నమోదు కానివారు బ్రెజిలులో నివాసము ఏర్పరచుకొని, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఎప్పుడైనను పౌరసత్వమును కోరుకొనవచ్చును. నడిమి పదమూడేండ్లలో పుట్టినవారికిని నమోదు హక్కు లభించెను. ఇట్లు నమోదైనవాడు జన్మసిద్ధ పౌరుడే. దేశాధ్యక్ష పదవికి సైతము పోటీ చేయవచ్చును, తన బిడ్డలనును ఇదే రీతిగా నమోదు చేయింపవచ్చును. అయితే బ్రెజిలులో పూర్ణముగా చెల్లుటకు, కాన్సులేటు ఇచ్చిన పత్రమును అచ్చటి పౌర రిజిస్ట్రారు పుస్తకములోనికి ఎక్కించుకొనవలెను. ఈ పనిని వాయిదా వేయువారే మెండు.

2023లో వచ్చిన 131వ సవరణ ననుసరించి, వేరొక దేశపు పౌరసత్వమును స్వీకరించినంతమాత్రమున బ్రెజిలు పౌరసత్వము పోదు. పౌరుడు తానై వదలుకొందునని కోరినను, దానివలన అతడు ఏ రాజ్యమునకును చెందనివా డగునట్లయిన, ఆ కోరిక చెల్లదు.